కాలు దక్కేదీ పోయేదీ మొదటి ఆసుపత్రిలోనే: రక్తనాళ శస్త్రచికిత్స శిక్షణపై మన వైద్య కళాశాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, జనరల్ సర్జరీ విభాగాధిపతి గారికి, ఆచార్యులకు, పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకు,

నమస్కారం.

నేను మన కళాశాలలోనే ఎం.బి.బి.ఎస్., ఆ తరువాత ఎం.ఎస్. జనరల్ సర్జరీ చదువుకుని, ఇరవై ఏళ్ళకు పైగా కోనసీమలోని ఒక చిన్న పట్టణంలో ఆసుపత్రి నడుపుకుంటున్న పూర్వ విద్యార్థిని. కళాశాలకు వాస్క్యులర్ సర్జరీలో, అంటే రక్తనాళాల శస్త్రచికిత్సలో, ఎం.ఎస్. తరువాత చదివే ఎం.సి.హెచ్. అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీకి సీట్లు మంజూరు చేయించాలని కోరుతూ మనవాళ్ళు సిద్ధం చేసిన వినతిపత్రం కిందటి నెలలో సంతకం కోసం నా దగ్గరకు వచ్చింది. నేను సంతకం పెట్టలేదు. మిత్రులు నొచ్చుకున్నారు. "ఇన్నాళ్ళూ రక్తనాళాలు, రక్తనాళాలు అని మమ్మల్ని విసిగించింది నువ్వే కదా" అని ఒకరు ఫోనులో నిష్ఠూరమాడారు. ఆ మాట నిజమే. అయినా సంతకం పెట్టకపోవడానికి నాకొక కారణం ఉంది, అది నలుగురిలో చెప్పవలసినదే కాబట్టి ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడాది, కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున, ఏటి అవతలి లంక గ్రామం నుంచి ఒక మనిషిని తీసుకొచ్చారు. నలభై దాటని వయసు, రేవు దగ్గర బడ్డీ కొట్టు నడుపుకునేవాడు. చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాతం జ్వరం వల్ల గుండె కవాటం సన్నబడిందని అతనికి తెలుసు గాని, మందులు మానేసి చాలా కాలమైంది. రాత్రి రెండు గంటల వేళ నిద్రలో ఎడమ కాలు కోసేసినట్టు నొప్పి మొదలైంది. ఆ వేళప్పుడు పంటు నడవదు కాబట్టి పడవవాణ్ణి లేపి, ఏరు దాటి, ఆటో దొరకబుచ్చుకుని నా దగ్గరకు చేరేసరికి ఐదున్నర అయింది. కాలు పాలిపోయి చల్లబడి ఉంది. గజ్జల్లో నాడి కొట్టుకుంటోంది, మోకాలి వెనక లేదు, పాదం మీద లేదు. వేళ్ళు మాత్రం ఇంకా కదుపుతున్నాడు, అంటే కాలు బతికే ఉంది. గుండెలో పుట్టిన రక్తపు గడ్డ జారివచ్చి తొడ ధమని రెండుగా చీలే చోట ఇరుక్కుందని నాకు స్పష్టంగా అర్థమైంది.

చేయవలసిన పని కూడా స్పష్టంగానే తెలుసు. గజ్జల్లో గాటు పెట్టి, ధమని తెరిచి, ఫోగార్టీ కేథటర్ అనే సన్నని గొట్టాన్ని గడ్డ దాటేదాకా లోపలికి పంపి, దాని కొసన ఉండే చిన్న బుడగను ఉబ్బించి మెల్లగా వెనక్కి లాగితే గడ్డ దానితోపాటు బయటికి వస్తుంది. రోగికి పూర్తి మత్తు ఇవ్వవలసిన అవసరం కూడా లేదు, ఆ చోట సూది వేస్తే చాలు. థామస్ ఫోగార్టీ అనే అమెరికన్ వైద్యుడు ఇంకా చదువు పూర్తవుతున్న రోజుల్లోనే, ఆపరేషన్ చేతొడుగు వేలిని కత్తిరించి, గాలపు కొక్కేనికి ఈకలు కట్టే ముడితో ఒక గొట్టం కొసకు కట్టి ఈ పరికరాన్ని తయారుచేసుకుని, 1963లో దాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. నేను చెబుతున్న సంఘటన జరిగేనాటికి ఆ పరికరం వచ్చి నలభై ఏళ్ళు. అది నా దగ్గర లేదు. ఉన్నా నా చేత్తో ఆ పని ఒక్కసారీ చేసి ఎరుగను. మూడేళ్ళ ఎం.ఎస్. చదువులో ఒకే ఒక్కసారి, అదీ సీనియర్ల భుజాల మీదుగా తొంగి చూశాను.

నెత్తురు ఇంకా గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు ఇచ్చి విశాఖపట్నం పంపించాను. వాళ్ళు చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడివారు గడ్డ తీశారు గాని అప్పటికే పిక్క కండరాలు చచ్చిపోయాయి, మూడో రోజున మోకాలి పైకి కాలు తీసేయవలసి వచ్చింది. మనిషి బతికాడు, మళ్ళీ కొట్టు తెరిచాడు. ఆ రేవు మీదుగా నేను వెళ్ళినప్పుడల్లా చంకకర్ర ఊతంతో లేచి నిలబడి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం అందుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అతని కాలు విశాఖపట్నంలో పోలేదు, నా టేబులు మీదే పోయింది.

నెత్తురు అందని కాలికి ఆరు గంటల గడువు ఉంటుందని మీరే మాకు పాఠం చెప్పారు. అడ్డు చుట్టూ నెత్తురు వెళ్ళే పక్క దారులు తెరుచుకున్న కాలు ఇంకొంచెం ఆగుతుంది, తెరుచుకోనిది అంతకు ముందే పోతుంది, ఆ ఆరు అన్నది ఉజ్జాయింపు మాటే. కానీ ఆ గడువును గోదావరి పాయల మధ్య పరిచి చూడండి. సఖినేటిపల్లి రేవు దగ్గరి మనిషికీ, అంతర్వేది మత్స్యకారుడికీ, వశిష్ఠకూ వైనతేయకూ నడుమ ఏ లంకలోనో ఉన్న కూలికీ నొప్పి మొదలైన క్షణం నుంచి రోడ్డెక్కేదాకా ఒకటి రెండు గంటలు పోతాయి. మొదటి ఆసుపత్రిలో పేరు రాయించి, డాక్టరు వచ్చి, చూసి, తేల్చేసరికి మరో గంట. అక్కడి నుంచి విశాఖపట్నమో విజయవాడో పంపిస్తే దారిలోనే నాలుగైదు గంటలు. రేపు మన కళాశాలలోనే అద్దంలాంటి వాస్క్యులర్ విభాగం వెలిసినా, ఈ లెక్కలో తగ్గేది చివరి అంకె మాత్రమే. మొదటి ఆసుపత్రిలో ఉన్న జనరల్ సర్జన్‌కు చేతనైతే తప్ప ఆ కాలు దక్కదు. నా మాటంతా ఇంతే. సూపర్ స్పెషలిస్టును తయారుచేసే ముందు, ఈ డెల్టాలో ప్రతి పట్టణంలోనూ స్థిరపడబోయే మామూలు సర్జన్‌కు రక్తనాళం తెరవడం, మూయడం నేర్పించండి.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదని చెప్పడానికి మన వృత్తి చరిత్రలోనే ఆధారం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులకు తగిలిన 2,471 ధమని గాయాల వివరాలను డిబేకీ, సిమియోన్ అనే సర్జన్లు 1946లో ప్రచురించారు. అప్పట్లో తెగిన ధమనిని కట్టేయడమే పద్ధతి, అతికించడానికి ప్రయత్నించినవి నూటికి నాలుగు కూడా లేవు. కట్టేసిన వారిలో దాదాపు సగం మందికి ఆ అవయవం పోయింది. కొన్నేళ్ళకే వచ్చిన కొరియా యుద్ధంలో ధమనులను అతకడం మొదలుపెట్టారు, పోయే అవయవాలు సుమారు 13 శాతానికి దిగాయి. ఆ అతుకులు వేసింది ఎక్కడో రాజధానిలో కూర్చున్న మహామహులు కాదు, యుద్ధరంగానికి దగ్గరలో గుడారాల్లో పనిచేసిన కుర్ర సర్జన్లు. గాయపడినవాణ్ణి నిపుణుడి దగ్గరకు మోసుకుపోవడం మాని, నైపుణ్యాన్ని గాయం దగ్గరకు తీసుకుపోయారు. మనకూ కావలసింది అదే.

మన శిక్షణలో ఒక విచిత్రం ఉంది, ఇది మీకు కోపం తెప్పించవచ్చు గాని చెప్పక తప్పదు. రక్తనాళాల జబ్బులను మనం నిర్లక్ష్యం చేశామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పరీక్షల్లో వాటిని మించిన కేసు లేదు. చుట్టలు తాగి తాగి వేలు నల్లబడిన బర్జర్స్ వ్యాధి రోగి, కాళ్ళ మీద సిరలు ఉబ్బిన వేరికోస్ రోగి, వీళ్ళిద్దరూ లేకుండా మన ఊరి సర్జరీ ప్రాక్టికల్ పరీక్ష జరిగిన జ్ఞాపకం నాకు లేదు. కాలు ఎంత ఎత్తితే పాలిపోతుందో కోణం కొలిచాం, తొడకు రబ్బరు పట్టీ కట్టి ట్రెండెలెన్‌బర్గ్ పరీక్ష చేశాం, పెర్థీస్ పరీక్ష ఏ ఉద్దేశంతో చేస్తారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. పరీక్షలయ్యాక ఆ రోగి ఏమయ్యాడో మాత్రం మాకు తెలియదు. జాతీయ వైద్య పాఠ్యప్రణాళిక 2019లో మారినప్పుడు కూడా ఎం.బి.బి.ఎస్. సర్జరీలో ధమనుల అడ్డంకులు, గాంగ్రీన్, వేరికోస్ సిరలు, లింఫ్ వాపు అన్నీ ఒక ప్రత్యేక అధ్యాయంగా ఉంచారు, విద్యార్థి స్వయంగా పరీక్షించి చూపాలని రాశారు. చూపించడం దాకా మనం బాగానే నేర్పుతున్నాం. చూసిన తరువాత చేయవలసిన పని దగ్గరే బండి ఆగిపోతోంది.

ఈ ఆగిపోవడం వల్ల జరిగే నష్టంలో సగం మన భాషలోనే దాక్కుంటుంది. తెలుగులో మనకు అన్నీ నరాలే. మెదడు నుంచి వచ్చేది నరం, నెత్తురు పారేది నరం, చేతి మీద ఉబ్బి కనబడేది నరం, పిక్కలో లాగేదీ నరమే. నాలుగు అడుగులు వేస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్ళీ నడిస్తే పట్టేసే మనిషి "నరాలు లాగేస్తున్నాయి బాబూ" అని చెబుతాడు, ఇంట్లోవాళ్ళు నరాల డాక్టరు దగ్గరకు తీసుకుపోతారు. అక్కడ నడుముకు ఫొటో తీస్తారు, విటమిన్ మాత్రలు ఇస్తారు. ఆరు నెలల తరువాత బొటనవేలు నల్లబడినప్పుడు గాని ఎవరూ పాదం మీద నాడి వెతకరు. నేను రోగులకు ఒకే మాట చెబుతాను: కాలి వేలు శివారు చేను లాంటిది, కాలువ మొదట్లో పూడిక పడితే ముందు ఎండేది అదే. డెల్టా రైతుకు ఇంతకు మించి వివరించవలసిన పని ఉండదు. వెంటనే "అయితే పైన పూడిక తీయండి" అంటాడు. పూడిక తీసేవాడు ఎక్కడున్నాడన్నదే తరువాతి ప్రశ్న.

వాపు కాలి సంగతి మరీ చిత్రం. గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఫైలేరియా ఉంది కాబట్టి ఇక్కడ వాచిన ప్రతి కాలూ బోదకాలే. రాజమహేంద్రవరంలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ ఒకటి ఉండి దశాబ్దాలుగా ఫైలేరియా మీద పనిచేస్తోంది, ఊరూరా మాత్రలు మింగించే కార్యక్రమాలూ జరిగాయి, దాని ఫలితం ఉంది. కానీ కాన్పయిన పదో రోజున తొడదాకా కాలు వాచిన బాలింతకు కూడా బోదకాలు మాత్రలే ఇచ్చిన చీటీలు నేను చూశాను. లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టిన ఆ అమ్మాయికి కావలసింది ఆ మాత్ర కాదు, గడ్డ ఊపిరితిత్తులకు ఎగబాకకుండా చూసే మందు. మరొక పక్క, నిజంగా బోదకాలు ఉన్నవారికి రోజూ కాలు కడిగి, ఆరబెట్టి, వేళ్ళ సందుల్లో పుండు పడకుండా చూసుకుని, పట్టీ చుట్టుకునే పద్ధతి నేర్పితే నెలకోసారి వచ్చే జ్వరాలు చాలా వరకు తగ్గుతాయి. ఇది శస్త్రచికిత్స కూడా కాదు. అయినా సరిగా పట్టీ చుట్టడం వచ్చిన హౌస్ సర్జన్‌ను నేను ఇంతవరకు చూడలేదు. ఏళ్ళ తరబడి మానని చీలమండ పుండుకు కూడా సగం మందు ఆ పట్టీయే. ఊడ్పుల్లోనూ కలుపుల్లోనూ రోజంతా బురదలో నిలబడే ఆడవాళ్ళలో ఆ పుండ్లు ఎన్ని ఉంటాయో మీ ఓ.పి. చీటీలే చెబుతాయి. జాతీయ రహదారి పొడవునా లేజర్‌తో గంటలో నయం చేస్తామనే బోర్డులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి, వాటి గురించి ఇక్కడ అంతకంటే రాయను.

ఇక షుగర్. పుండు పడిన షుగర్ కాలిని మన వార్డుల్లో శుభ్రం చేస్తాం, యాంటీబయాటిక్ ఇస్తాం, వేలు తీస్తాం, మానకపోతే పాదం తీస్తాం, ఆ తరువాత మోకాలి కింద తీస్తాం. మెట్లు దిగినట్టు దిగుతాం. ఈ మెట్ల మీద ఎక్కడా ఆగి, ఈ కాలికి అసలు నెత్తురు అందుతోందా అని కొలిచే అలవాటు నేను చదివిన రోజుల్లో లేదు. కొలవడానికి కావలసింది నెత్తురు పారే చప్పుడు వినిపించే, చేతిలో ఇమిడే డాప్లర్ అనే పరికరం, ఒక బి.పి. పట్టీ. చీలమండ దగ్గరి పీడనాన్ని చేతి పీడనంతో భాగిస్తే వచ్చే అంకె 0.9 లేదా అంతకన్నా తక్కువైతే ధమనిలో అడ్డు ఉన్నట్టే. షుగర్ రోగుల్లో ధమని గోడలకు సున్నం పట్టి గట్టిపడితే ఆ అంకె 1.4 దాటి మోసం చేస్తుంది, అప్పుడు వేలి దగ్గర కొలవాలి. ఈ రెండు వాక్యాలు ప్రతి పి.జి. విద్యార్థికీ తెలుసు. చేతిలో డాప్లర్ పట్టుకుని వంద కాళ్ళు కొలిచినవాడు ఎవడైనా ఉన్నాడా అన్నది నా ప్రశ్న. అల్ట్రాసౌండ్ యంత్రమైతే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదు, కాగితాలు తప్పవు. చేతి డాప్లర్ బొమ్మ చూపదు, చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. దాన్ని సర్జన్ తన జేబులో పెట్టుకుని తిరగవచ్చు.

పొగాకు గురించి విడిగా చెప్పనక్కరలేదు, లంక పొగాకు పేరు మన ఏటి లంకల నుంచే వచ్చింది. వరికోత యంత్రాలు, రోటావేటర్లు, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్ల రెక్కలు, కొబ్బరికాయలు ఒలిచే గునపం జారి మణికట్టులో దిగడం, వీటి వల్ల తెగే ధమనుల సంగతి మీకు తెలియనిది కాదు. మోకాలు పక్కకు తొలగిన ప్రతి బైకు ప్రమాదంలోనూ దాని వెనక ఉన్న ధమనిని అనుమానించాలి. ఎముక అతికించి రెండు రోజుల తరువాత పాదం నల్లబడిందని పిలిపించుకోవడం ఏ సర్జన్‌కూ కొత్త కాదు. పాము కాటు మాత్రం కొంచెం ఆగి మాట్లాడదగినది. రక్తపింజరి కరిచిన కాలు బిగుసుకుపోయి వాస్తుంది, పొలంలోనే ఎవరో తువ్వాలుతో గట్టిగా బిగించి కట్టి ఉంటారు. ఆ కాలిని చూడగానే కుర్ర సర్జన్‌కు చర్మం, కండ పొర చీల్చి పీడనం తగ్గించాలని చేయి ఉరుకుతుంది. నెత్తురు గడ్డకట్టే గుణమే పోయిన ఆ మనిషికి అలా చీలిస్తే ఆగని రక్తస్రావం మొదలవుతుంది. విరుగుడు మందు ఇచ్చి, లోపలి పీడనం కొలిచి, డాప్లర్‌తో విని, చాలాసార్లు కత్తి పెట్టకుండా ఆగవలసిన చోటు అది. కోయడం నేర్పడమే శిక్షణ అనుకుంటాం గాని, కోయకుండా ఉండటం కూడా ఎవరో పక్కన నిలబడి నేర్పితేనే వస్తుంది.

డయాలసిస్ మరొకటి. పట్టణాల ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు వచ్చాయి, ప్రభుత్వ పథకం కింద జరుగుతోంది, సంతోషం. ఆ యంత్రానికి రోగిని తగిలించే దారి ఏదీ? మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా పద్ధతి 1966లో వచ్చింది, ఇప్పటికీ దాన్ని మించినది లేదు. కుట్టిన తరువాత అది బలపడటానికి ఆరు వారాలైనా పడుతుంది కాబట్టి ముందుగానే వేయాలి. మనవాళ్ళు నెలల తరబడి మెడలో గొట్టంతో తిరుగుతూ చలిజ్వరాలతో వస్తారు. ఫిస్టులా కోసం విజయవాడ వెళ్ళాలంటే తోడు ఒక మనిషి కూలి మానుకోవాలి. ఇది ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, గంటా గంటన్నరలో ఒక జనరల్ సర్జన్ చేయగల పని. నేను నలభై రెండో ఏట నేర్చుకున్నాను. ఆసుపత్రి మూసేసి, ఆరు వారాలు హైదరాబాద్‌లో ఒక గురువు వెనక నిలబడి, ఫిస్టులా కుట్టడం, గడ్డ తీయడం, తెగిన ధమనిని కాలి సిర ముక్కతో అతకడం చేత్తో చేసి వచ్చాను. తరువాత నేను తీసిన గడ్డల్లో దక్కిన కాళ్ళూ ఉన్నాయి, దక్కనివీ ఉన్నాయి. కానీ చేతకాదని పంపేసిన కాలు లేదు. ఆరు వారాల్లో నలభై దాటినవాడికి వచ్చిన పని, ఇరవై ఏడేళ్ళ పి.జి. విద్యార్థికి రెండు నెలల్లో రాదా?

ఇక ఎం.సి.హెచ్. సీట్ల విషయం. జనరల్ సర్జరీ ఎం.ఎస్. తరువాత మూడేళ్ళు చదివే ఎం.సి.హెచ్. వాస్క్యులర్ సర్జరీ గాని, దానికి సమానమైన డి.ఆర్.ఎన్.బి. గాని దేశంలో ఇప్పటికీ కొద్ది చోట్లే ఉన్నాయి. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది హైదరాబాద్ నిమ్స్‌కు, లేదా చెన్నైకి. నిమ్స్ 2014 తరువాత పక్క రాష్ట్రంలో ఉండిపోయింది. కాబట్టి మన రాష్ట్రంలో, మన డెల్టాలో ఒక విభాగం ఉండాలన్న కోరిక న్యాయమైనదే. నా అభ్యంతరం వరుస గురించి. సీటు వచ్చిందంటే దానికి దేశవ్యాప్త నీట్ ఎస్.ఎస్. పరీక్ష ద్వారా ఎక్కడి నుంచో ఒకరు వస్తారు, మూడేళ్ళు చదివి, రక్తనాళాల లోపలికి గొట్టాలు పంపి చికిత్స చేసే కేథ్‌ల్యాబ్ ఉన్న నగరానికి వెళ్ళిపోతారు. అందులో వారి తప్పు లేదు, ధమని లోపల బెలూన్లు, స్టెంట్లు వేయడం నేర్చుకున్న మనిషి ఆ పరికరాలు లేని చోట ఉండలేడు. మన కళాశాల నుంచి ఏటా బయటికి వెళ్ళే ఎం.ఎస్. విద్యార్థుల్లో చాలామంది మాత్రం ఈ జిల్లాల్లోనే ఉంటారు. అమలాపురం, రామచంద్రపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు పట్టణాల్లో బోర్డు కట్టేది వాళ్ళే. వాళ్ళకు రాని విద్య ఒక గదిలో, ఒక నిపుణుడి చేతిలో ఉంటే, ఆ గది చేరేలోపు పోయే కాళ్ళు పోతూనే ఉంటాయి. పైగా, రోగిని ఎప్పుడు పంపాలో, ఏ స్థితిలో పంపాలో తెలిసిన జనరల్ సర్జన్లు చుట్టూ ఉంటేనే రేపటి ఎం.సి.హెచ్. విద్యార్థికి కూడా బతికిన కాళ్ళు వస్తాయి. లేకపోతే అతను మూడేళ్ళూ కాళ్ళు తీయడమే నేర్చుకుంటాడు.

కాబట్టి నేను కోరేది ఇది. ముందుగా జనరల్ సర్జరీ విభాగంలోనే వాస్క్యులర్ సర్జరీ చదివిన ఒక అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టు అడగండి. ప్రత్యేక విభాగం తరువాత సంగతి. ఆ పోస్టు వచ్చేదాకా ఆగకుండా, వారానికి రెండు రోజులు కాళ్ళ క్లినిక్ తెరవండి. షుగర్ పుండ్లు, వాపు కాళ్ళు, ఉబ్బిన సిరలు, నడిస్తే పట్టేసే పిక్కలు అన్నీ ఒకే గదికి రావాలి, అక్కడ డాప్లర్ పట్టుకునేది పి.జి. విద్యార్థే కావాలి. మూడేళ్ళ ఎం.ఎస్.లో రెండు నెలలు తప్పనిసరిగా రక్తనాళాల శిక్షణకు కేటాయించండి. మన దగ్గర ఆ పని తగినంత లేకపోతే, ఉన్న సంస్థతో ఒప్పందం చేసుకుని విద్యార్థిని అక్కడికి పంపండి. వసతి ఖర్చు పూర్వ విద్యార్థుల సంఘం భరించగలదు, వెండి వార్షికోత్సవాలకు షామియానాలు వేయించిన సంఘానికి ఇది పెద్ద భారం కాదు. పి.జి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2021 బ్యాచి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మూడు నెలలు హాజరు పట్టీతో ముగిసిపోకుండా, రక్తనాళాల శిక్షణ పూర్తయిన తరువాతే వాళ్ళను అక్కడికి పంపండి. డయాలసిస్ రోగులకు మొదటి ఫిస్టులాలు అక్కడే పడతాయి. నర్సులను మరిచిపోకండి. కిడ్నీ రోగి ఎడమ చేతి సిరల్లో సెలైన్ సూదులు గుచ్చి పాడుచేయకూడదని తెలిసిన ఒక్క నర్సు ఒక ఫిస్టులాను ముందే కాపాడినట్టు.

చేతి పని నేర్పడానికి రోగి ఒంటి దాకా వెళ్ళనవసరం లేదు. రక్తనాళాలను కుట్టే విద్యకు ఆద్యుడైన అలెక్సిస్ కారెల్ కథ మీరు విద్యార్థులకు చెబుతారో లేదో తెలియదు. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకు గురై, తెగిన పెద్ద సిరను కుట్టే విద్య అప్పటికి లేక చనిపోయాడు. అదే ఊళ్ళో వైద్యం నేర్చుకుంటున్న కారెల్ ఆ లోటు తీర్చాలని పట్టుబట్టి, ఒక కుట్టుపని ఆవిడ దగ్గర కూర్చుని సన్నని సూది, సన్నని దారం పట్టుకోవడం నేర్చుకున్నాడు. గుండ్రని నాళాన్ని మూడు కుట్లతో త్రికోణంలా లాగి అంచులు కలిపే పద్ధతిని 1902లో ప్రకటించాడు, 1912లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. లియాన్ దాకా ఎందుకు, మనకు నరసాపురం ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళ అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళ వేళ్ళు చూసినప్పుడల్లా, మన పి.జి. విద్యార్థులను ఒక వారం వాళ్ళ దగ్గర వదిలిపెట్టాలని నాకు అనిపిస్తుంది. ఇది సగం హాస్యం. మిగతా సగం మాత్రం నిజంగానే అడుగుతున్నాను: ఒక గది, రెండు బల్లలు, నాలుగు జతల పనిముట్లు, వాడగా మిగిలిన సన్నని ప్రోలీన్ దారాలు. మేక తొడ ధమని మాంసం కొట్టులో దొరుకుతుంది. నిబంధనల ప్రకారం అనుమతి తీసుకుంటే కాన్పుల వార్డు నుంచి వచ్చే మాయలో రకరకాల మందం ఉన్న రక్తనాళాలు ఉంటాయి. యాభై అతుకులు వేసి, నీళ్ళు పోసి కారకుండా చూపించినవాడే రోగి ధమని ముట్టుకోవాలి.

చివరిగా, ఖర్చు లేని ఒక పని రేపటి నుంచే చేయవచ్చు. మన ఆసుపత్రిలో మోకాలి పైన గాని, కింద గాని కాలు తీసే ప్రతి రోగి కేసు షీటులోనూ, ఆపరేషనుకు ముందు నాలుగు చోట్ల నాడి ఎలా ఉందో, డాప్లర్ అంకె ఎంతో, నొప్పి మొదలై ఎన్ని గంటలకు మొదటి డాక్టరును చూశాడో, ఆ డాక్టరు దగ్గర ఎంత సేపు ఉన్నాడో రాయించండి. ఏడాది తరువాత ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే, సీటు ముందు కావాలా, శిక్షణ ముందు కావాలా అన్న వాదన నాకూ నా మిత్రులకూ మధ్య మిగలదు. ఆ లెక్క నా మాటకు ఎదురు తిరిగితే, వినతిపత్రం మీద మొదటి సంతకం నేనే పెడతాను.

నా వంతుగా చెప్పవలసింది కొంచెమే. నా దగ్గర రెండు చేతి డాప్లర్లు ఉన్నాయి, ఒకటి సర్జరీ వార్డుకు ఇస్తాను. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం వచ్చి, అతుకులు వేయడం నేర్పగలను. ప్రయాణ భత్యం అవసరం లేదు. బయటి వైద్యుడు వచ్చి పి.జి. విద్యార్థులకు నేర్పడానికి మీ కార్యాలయం నుంచి అనుమతి పత్రం కావాలని గుమాస్తా గారు చెప్పారు. దరఖాస్తు ఈ లేఖతోపాటే విడిగా పంపుతున్నాను. వచ్చే రెండో శనివారానికి గది తాళం చెవి ఎవరి దగ్గర తీసుకోవాలో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మన కళాశాల పూర్వ విద్యార్థి,
జనరల్ సర్జన్, కోనసీమ.